టెక్ సందేహాలు: పాత స్టాండు మీద మూడు క్వింటాళ్ల అక్వేరియం పెట్టవచ్చా?

ప్రశ్న: అన్నా, మా కాలనీలో ఇల్లు ఖాళీ చేస్తున్నోళ్లు ఫిష్ ట్యాంక్ స్టాండు అమ్ముతమని ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టిన్రు. నాలుగు కాళ్ల ఇనుప స్టాండు, కొత్తగా నల్లరంగు వేసి ఉన్నది. ట్యాంకు నా దగ్గరనే ఉన్నది. పొడుగు 4 అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగులు. ఫొటోలు ఏఐ చాట్‌బాట్‌కు పెడితే ‘దృఢంగా కనిపిస్తోంది’ అన్నది. పోయి చూసినప్పుడు ఫోన్‌లోని లెవెల్ యాప్‌తోని చూస్తే 0 డిగ్రీలు వచ్చింది. ఇంట్ల చిన్నపిల్లలున్నరు. తీసుకోవచ్చునా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇంకొక్కసారి వెళ్లి చూసేదాకా డబ్బులు ఇవ్వకండి. యాప్ చెప్పింది, చాట్‌బాట్ చెప్పింది రెండూ మీరు తెలుసుకోవాల్సిన విషయం దగ్గరికే రాలేదు.

ముందు బరువు సంగతి. మీ ట్యాంకు బయటి కొలతల ప్రకారం 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 255 లీటర్లు. గాజు మందం, పైన వదిలే ఖాళీ తీసేసి 230 అనుకుందాం. లీటరు నీళ్లు కిలో బరువు. గాజు మరో 40–50 కిలోలు, గులకరాళ్లు, బండరాళ్లు ఇంకో 40 దాకా. మొత్తం మూడు క్వింటాళ్లు దాటిపోతుంది. ఆరు సిమెంట్ బస్తాలకన్నా ఎక్కువ బరువును ఆ నాలుగు కాళ్లు రాత్రీపగలూ ఏళ్ల తరబడి మోయాలి. ఒక్కో కాలి మీద దాదాపు 80 కిలోలు.

నిలువుగా ఆ బరువు మోయడం ఇనుప పైపుకు పెద్ద కష్టం కాదు. స్టాండ్లు దెబ్బతినేది అతుకుల దగ్గర, కాళ్ల అడుగున, పక్కకు ఊగినప్పుడు. చూడాల్సింది అక్కడే.

కొత్త రంగును నేను నమ్మను. అమ్మేవాళ్లకు దురుద్దేశం ఉందని కాదు. తుప్పు మీద రంగు వేస్తే తుప్పు కనిపించదు, అంతే. స్టాండును తలకిందులు చేయించండి. కాళ్ల కొసల్లో పైపు నోరు తెరిచి ఉంటే, ఇల్లు కడిగిన ప్రతిసారీ నీళ్లు లోపలికి వెళ్లి, తుప్పు లోపలినుంచి బయటికి తింటూ వస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో అక్కడ గట్టిగా గుచ్చండి. లోపలికి దిగినా, పెచ్చులు రాలినా వదిలేయండి. స్పానర్‌తో కాలు పొడుగునా కొట్టుకుంటూ రండి. మంచి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం కూడా పట్టుకెళ్లండి. ఎక్కడైనా అతుక్కోకుండా జారితే ఆ చోట రంగు కింద లప్పం పెట్టి చిల్లు పూడ్చారని అర్థం.

వెల్డింగ్ ఎలా ఉందో వేలితో తడిమి చూడండి. పైపు అంచు పొడుగునా వెల్డింగ్ పోసి ఉండాలి. రెండుమూడు చుక్కలు పెట్టి వదిలేస్తే అది కుండీలు పెట్టుకునే స్టాండే తప్ప అక్వేరియానిది కాదు. మూలల్లో తెల్లటి ఉప్పు పొర గట్టిపడి ఉందేమో చూడండి. మన నల్లగొండ జిల్లా బోరు నీళ్లు చాలాచోట్ల ఎంత గట్టివో మీకు చెప్పక్కర్లేదు. చుక్క కారి ఆరినా తెల్లచారిక మిగులుతుంది. పాత ట్యాంకు ఎక్కడ కారిందో, ఎన్నాళ్లు కారిందో ఆ చారికలే చెప్తాయి.

ఫొటో చూసిన చాట్‌బాట్‌కు ఇవేవీ తెలిసే వీలు లేదు. దాన్ని మరోలా వాడుకోండి. బరువు లెక్క వేయించుకోండి, అమ్మేవాళ్లను ఏమేం అడగాలో రాయించుకోండి. ‘సేఫ్’ అన్న మాట మాత్రం దాని నుంచి తీసుకోకండి.

ఇక లెవెల్ యాప్. నాలుగడుగుల పొడుగు మీద ఒక డిగ్రీ వాలు అంటే ఒక కొస రెండో కొసకన్నా 21 మిల్లీమీటర్లు కిందికి ఉన్నట్టు. కొన్ని యాప్‌లు పూర్తి డిగ్రీల్లోనే చూపిస్తాయి. అర డిగ్రీ తేడాను సున్నాగా చూపిస్తే, దాని వెనక సెంటీమీటరు వాలు దాక్కుంటుంది. పైగా ఫోన్ వెనక కెమెరా బుడిపె ఉంటుంది, కవర్ ఉంటుంది. ఫోన్‌ను అంచు మీద నిలబెట్టి చూసి, అదే చోట కొసలు మార్చి మళ్లీ చూడండి. రెండుసార్లూ అంకె అంతే వచ్చి, ఫోన్ తెర మీద వాలే దిక్కు మాత్రం మారితే సెన్సర్ సరిగ్గా ఉన్నట్టు.

అంతకన్నా మంచి పరికరం మీ వీధి మేస్త్రీ దగ్గర ఉంటుంది: నీళ్లు నింపిన సన్నటి లెవెల్ పైపు. పైపులో గాలి బుడగలు లేకుండా నింపి పట్టుకుంటే, రెండు కొసల్లో నీటిమట్టం మిల్లీమీటరు తేడాను కూడా పట్టిస్తుంది. ఈ పనిలో ఏ ఫోనూ దానికి సాటి రాదు.

స్టాండు మొత్తం ఒకవైపుకు రెండు మిల్లీమీటర్లు వాలితే ట్యాంకు ఓర్చుకుంటుంది. పైచట్రం మెలితిరిగి ఉంటే మాత్రం ఓర్చుకోదు. ఎదురెదురు మూలలు లేచి ఉంటే గాజు వంగలేక అతుకు ఊడుతుంది, లేదా మూలనుంచి పగులు వస్తుంది. యాప్‌ను ఒకచోట పెడితే ఈ మెలిక తెలియదు. చట్రం మీద మూలనుంచి మూలకు రెండు దారాలు ఎక్స్ ఆకారంలో బిగించి కట్టండి. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఉండాలి. మధ్యలో సందు ఉన్నా, ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా మెలిక ఉంది.

చివరగా స్టాండు పైభాగం పట్టుకుని పొడుగు దిక్కుగా నెట్టి చూడండి. ఊగితే వెనకవైపు ఏటవాలు పట్టీ వేయించాలి. మంచి వెల్డర్‌కు చిన్న పనే. పిల్లలున్న ఇల్లు కాబట్టి నేనైతే ఇంకో పని కూడా చేయిస్తాను. స్టాండు పైచట్రాన్ని రెండుచోట్ల గోడకు క్లాంపులతో బిగించాలి. కింది అర మీద కాలు పెట్టి పైకి ఎక్కడం పిల్లలకు నిమిషం పని.

ఇంటికి తెచ్చాక మీది షాబాదు బండల నేల అయితే ముందు బండలను తట్టి చూడండి. డొల్లగా మోగే బండ మీద కాలు రానీయకండి. ఎత్తుతగ్గులుంటే ఇనుప ముక్క కాళ్ల కిందే పెట్టాలి, ట్యాంకుకూ స్టాండుకూ మధ్య కాదు. మడిచిన అట్టముక్క తడిసి నలిగిపోతుంది, వద్దు. అంచులకు ఫ్రేము లేని ట్యాంకు అయితే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు పరవండి.

తర్వాత చేపలు లేకుండా పావు వంతు చొప్పున నింపుకుంటూ, ప్రతిసారీ ఫోన్‌ను అదే చోట నిలబెట్టి ఫొటో తీయండి. ఇక్కడ ఫోన్ నిజంగా పనికొస్తుంది. మొదటి ఫొటో, చివరి ఫొటో పక్కపక్కన పెడితే కాలు పక్కకు జరిగినా, పై పట్టీ వంగినా కనిపిస్తుంది. నిండాక రెండుమూడు రోజులు అలాగే ఉంచండి.

ఒకవేళ వాళ్ల దగ్గర పార్టికల్ బోర్డు క్యాబినెట్ కూడా ఉందని చూపిస్తే ఇంత పెద్ద ట్యాంకుకు దాన్ని వద్దనండి. ఒకసారి తడిసి ఉబ్బిన బోర్డు మళ్లీ గట్టిపడదు.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా మా అక్వేరియం స్టాండు కింది అరలో నీళ్లు చేరుతున్నయి. ట్యాంకు ఎక్కడా కారుతలేదు. ఎయిర్ పంపు, ఎక్స్‌టెన్షన్ బాక్సు అక్కడనే ఉన్నయి. – ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అయితే నీళ్లు పంపు గొట్టంలోంచే వస్తుండాలి. పంపు నీటిమట్టానికి కింద ఉంది కాబట్టి, అది ఆగగానే ట్యాంకు నీళ్లు సన్నగొట్టంలో వెనక్కి దిగుతాయి. ముందు మెయిన్ ఆపి బాక్సు ప్లగ్గు తీయండి. పంపును నీటిమట్టం కన్నా పైన బిగించండి, లేదా గొట్టం మధ్యలో నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు వేయండి. చాలా చవక. బాక్సును పక్క గోడకు ఎత్తులో పెట్టండి. ప్రతి వైరూ సాకెట్‌కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారే చుక్క సాకెట్‌లోకి పోదు, కిందే రాలుతుంది. మీ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఈ నెలలోనే పెట్టించండి.

ప్రశ్న: అక్వేరియం స్టాండు కింద ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టవచ్చా? – ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మూసిన అరలో అది పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. యాసిడ్ ఆవిరి తగిలి స్టాండు ఇనుము కూడా తుప్పు పడుతుంది. బ్యాటరీని గాలి ఆడే చోట, నీళ్లకు దూరంగా ఉంచండి.