లిబర్టీ బొమ్మ అసలుదేనా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి 1885 నాటిదని చెప్పి ఆరంగుళాల లిబర్టీ బొమ్మ కొన్నాడు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? చింతపండుతో తోమొచ్చా?

జవాబు: వద్దు, తోమకండి! న్యూయార్క్‌లోని స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ విగ్రహం పీఠానికి డబ్బు చాలక, దాన్ని కట్టించే పనిలో ఉన్న అమెరికన్ కమిటీ 1885లో ఈ చిన్న బొమ్మలు అమ్మింది. ఆరంగుళాలది డాలరు, పన్నెండంగుళాలది ఐదు డాలర్లు. పైకి కంచులా కనిపించినా చాలావాటిలో లోపలిది తెల్లని మెత్తటి లోహం. పులుపు తగిలితే పైరంగు ఊడి బూడిదరంగు బయటపడుతుంది, ఇక ఆ బొమ్మకు ధర రాదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

అడుగున ఎవరికీ కనిపించని చోట పాత గీత ఏదైనా ఉంటే దాని రంగు చూడండి. పసుపుపచ్చగా మెరిస్తే ఇత్తడి, అనుమానించాల్సిందే. విగ్రహం నమూనాకు పేటెంటు వచ్చిన 1879 ఫిబ్రవరి 18 తేదీ బొమ్మ మీద ఉందని మురిసిపోకండి. అసలుదాన్నే అచ్చుగా పెట్టి పోసిన నకిలీలోనూ ఆ తేదీ వస్తుంది. అయితే లోహం చల్లారి కుంచించుకుంటుంది కాబట్టి అది ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిగా, చీర మడతల్లాంటి కుచ్చెళ్లు మొద్దుబారి ఉంటుంది. కాగడా చెయ్యి, కిరీటం కిరణాలు ముందు విరిగే చోట్లు. అక్కడ అతుకు ఉందేమో భూతద్దంతో చూడండి. విరిగినా టంకం పెట్టించొద్దు, ఆ వేడికి లోహమే కరిగిపోవచ్చు.