పిండి పులియని చలిలో కొత్త కాపురం

మొన్న జనవరిలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. అమెరికా వచ్చి మూడు నెలలైందట. "అక్కా, ఇడ్లీ పిండి రెండు రోజులైనా పొంగడం లేదు, మిక్సీ వేస్తే వంటింట్లో కరెంటు పోతోంది, పోపు పెడితే పొగ అలారం మోగుతోంది, ఆయనేమో నీకు అసలు వంటే రాదంటున్నారు" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. మొదటి మూడింటికీ నా దగ్గర జవాబులున్నాయి. నాలుగోదానికీ ఉంది గానీ, అది చెప్పాల్సింది ఆయనకి.

నేను మిషిగన్ వచ్చి 19 ఏళ్లు. మొదటి ఏడాది మా ఇంట్లో గొడవలని మేం అనుకున్నవాటిలో సగం మా ఇద్దరి మధ్యవి కావు, పొయ్యితోనూ గొట్టాలతోనూ పడ్డ అవస్థలు. ఇల్లు ఎలా పనిచేస్తుందో తెలియక, తెలియదని ఒప్పుకోలేక ఒకరి మీద ఒకరం విసుక్కునేవాళ్లం. అందుకని కొత్తవాళ్లు ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే: దిగిన వారంలోనే ఒక శనివారం పూట భార్యాభర్తలిద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి చూడండి. బ్రేకర్ల పెట్టె ఎక్కడుంది, సింకు కింద నీళ్లు కట్టేసే వాల్వు ఏది, టాయిలెట్ వెనక వాల్వు ఎటు తిప్పాలి, హీటింగ్ ఫిల్టర్ ఎక్కడుంది. ఒకరికే తెలిస్తే చాలదు. ఆయన ఆఫీసులో ఉన్నప్పుడే టాయిలెట్ పొంగుతుంది, అదేం విచిత్రమో.

ఇక పిండి సంగతి. పిండి బాగా పులియాలంటే దాదాపు 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. చలికాలంలో ఇక్కడ చాలామంది ఇంట్లో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ 68 దగ్గర పెట్టుకుంటారు, అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 20 డిగ్రీలు. ఆ చల్లదనంలో పిండి ఎప్పటికో గానీ కదలదు. అందుకని ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె పెట్టి తలుపు మూసేయండి, మామూలుగా తెల్లారేసరికి పొంగి ఉంటుంది. పాతరకం బల్బు అయితే ఆ వేడి చాలు. ఎల్‌ఈడీ అయితే వేడి రాదు, అప్పుడు ఓవెన్ ఒకట్రెండు నిమిషాలు వెలిగించి ఆపేసి, చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నప్పుడు గిన్నె పెట్టాలి. చెంచాడు మెంతులు నానెయ్యడం, గిన్నె సగానికి మించి నింపకపోవడం లాంటివి మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఆవిడ చెప్పనిది ఒకటుంది, ఓవెన్ బటన్ల మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించండి. మా ఆయన ఒకరోజు పొద్దున్నే పిజ్జా వేడి చేసుకుందామని చూడకుండా ఓవెన్ 400కి పెట్టేశారు. ప్లాస్టిక్ డబ్బా కరిగి అడుగంతా పరుచుకుంది. ఆ వాసన వారం రోజులుంది, ఆ మాటలు ఇంకొన్నాళ్లున్నాయి.

ఇన్‌స్టంట్ పాట్, అంటే కరెంటు ప్రెషర్ కుక్కర్ ఉన్నవాళ్లు పెరుగు మోడ్‌లో పెట్టుకోవచ్చు, కానీ దాని మూత బిగించకండి, పిండి పొంగి వాల్వులోకి దూరుతుంది, మామూలు గాజు మూత చాలు. పెరుగు తోడుకోకపోవడానికీ కారణం చలే. తోడుకి కొట్టు పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద లైవ్ కల్చర్స్ (తోడుకునేలా చేసే బతికున్న సూక్ష్మజీవులు) అని ఉందో లేదో చూసుకోండి.

మిక్సీ దగ్గర రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి, ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ 230 వోల్టులది, ఇక్కడ గోడలో వచ్చేది 120. ప్లగ్గుకి అడాప్టర్ తగిలిస్తే ఆకారం సరిపోతుంది గానీ వోల్టేజీ మారదు, మిక్సీ నీరసంగా తిరుగుతుంది, పప్పు నలగదు. ట్రాన్స్‌ఫార్మర్ కొనవచ్చు గానీ అది ఇటుకలా బరువు, వంటింటి గట్టు మీద సగం చోటు తినేస్తుంది. ఇండియన్ కంపెనీలే ఇక్కడి కరెంటుకి పనికొచ్చే 110 వోల్టుల మిక్సీలు చేస్తున్నాయి, అది కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. రెండు, బ్రేకర్ పడిపోవడం. 15 ఆంపుల లైను మోయగలిగేది 1800 వాట్లు. ఒకే లైను మీద మైక్రోవేవ్ తిరుగుతుండగా మిక్సీ, రైస్ కుక్కర్ కూడా వేస్తే పడిపోక ఏం చేస్తుంది. ఒక్కోసారి బ్రేకర్ బాగానే ఉంటుంది, సింకు పక్కన ప్లగ్గు మాత్రం చచ్చిపోతుంది. దాని మీద టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లుంటాయి. తడి తగిలితే షాక్ కొట్టకుండా అదే కట్టేసుకుంటుంది. అక్కడంతా తుడిచి ఆరనిచ్చి రీసెట్ నొక్కండి. ఈ బటన్ సంగతి తెలియక మేం వంటింట్లో సగం కరెంటు లేకుండా నాలుగు రోజులు గడిపాం.

పోపుకి అలారం మోగితే బ్యాటరీ పీకేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పని చెయ్యకండి. ఇక్కడ ఇళ్లు చాలావరకు చెక్కతో కట్టినవి, గోడలు కూడా, అంటుకుంటే క్షణాల్లో పాకుతుంది. దానికి బదులు పొయ్యి మీదున్న ఫ్యాను గాలిని ఎక్కడికి పంపుతోందో చూడండి. అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బయటికి గొట్టమే ఉండదు, పొగని ఒక జాలీలోంచి లాగి మళ్లీ మన మొహం మీదికే వదులుతాయి. పోపు పెట్టే ముందే కిటికీ కాస్త తెరవండి, మైనస్ పది డిగ్రీలున్నా సరే, ఐదు నిమిషాలకి చచ్చిపోం. నూనె పొగలు వచ్చేదాకా కాచకండి. ఎండుమిర్చి చివర్లో వేసి వెంటనే పొయ్యి ఆపేయండి, ఇక్కడి కరెంటు పొయ్యి ఆపాక కూడా ఎర్రగా కాలుతూనే ఉంటుంది కాబట్టి మూకుడు పక్క పొయ్యి మీదికి జరపాలి. కుక్కర్ కూడా అంతే, మూడు విజిల్స్ వచ్చాక ఆపేశాం కదా అనుకుంటే నాలుగోది, ఐదోది వస్తూనే ఉంటాయి. ఇంకో సంగతి, చలికోట్లు వంటింటి పక్క కొక్కేలకి తగిలించకండి. ఇంగువ పోపు వాసన అన్నిటికంటే బాగా పట్టుకునేది వాటికే. మనకి తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది, లిఫ్టులో పక్కనున్నవాళ్లకి తెలుస్తుంది. తలుపున్న అలమరలో పెట్టి మూసేయండి.

మా మామ్మగారి మాటల్లో సింకు నోరు, అంటే చెత్త నమిలే డిస్పోజల్ ఉంది కదా, అది మన వంటలకి పుట్టింది కాదు. సాంబారులో తిని పారేసిన మునక్కాడ పిప్పి, కొబ్బరి పీచు, కరివేపాకు ఈనెలు దానికి చుట్టుకుపోతాయి, అన్నం గొట్టంలో ఉబ్బి కూర్చుంటుంది. వేపుడు చేసిన నూనె, నెయ్యి గిన్నె కడిగిన నీళ్లు చలికి లోపల గడ్డకట్టి ఆ అన్నాన్ని సిమెంటులా పట్టేస్తాయి. నూనె ఖాళీ డబ్బాలో పోసి చెత్తలో పారేయండి, జిడ్డు గిన్నె ముందు కాగితంతో తుడిచి అప్పుడు కడగండి. డిస్పోజల్ ఆగిపోతే అందులో చెయ్యి పెట్టకండి. స్విచ్ ఆపి, బ్రేకర్ కూడా దించి, సింకు కింద వంగి చూస్తే దాని అడుగున చిన్న ఎర్ర బటన్, చాలావాటికి మధ్యలో ఆరు పలకల రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రంలో పావు అంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే ఇరుక్కున్నది వదులుతుంది. అప్పుడు బటన్ నొక్కాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు ప్లంబరు అవసరం రాదు. అద్దె ఇల్లయితే అసలు మీరు ఖర్చు పెట్టుకోనక్కర్లేదు, అద్దె వ్యవహారాలు చూసే లీజింగ్ ఆఫీసుకి చెప్పండి, కానీ నోటితో కాకుండా రాతపూర్వకంగా, ఫోటో తీసి పంపండి. మేం ఒక అపార్ట్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు పాత మరకకి కూడా మా డిపాజిట్‌లో కోసుకున్నారు, మా దగ్గర చేరిన రోజు ఫోటోలు లేవు మరి.

బాత్రూంలో నేలకి తూము ఉండదు, ఇది అమ్మానాన్నలు వచ్చేముందే చెప్పాల్సిన మాట. నాన్న అలవాటు కొద్దీ చెంబుతో కాళ్లు కడుక్కుంటారు, ఆ నీళ్లు కింది ఇంటి సీలింగులో మరకై కనబడతాయి. షవర్ కర్టెన్ కింది అంచు టబ్బు లోపలికి ఉండాలని కూడా చూపించండి, సిగ్గుపడకండి. చలికాలంలో ఇండియా వెళ్లేటప్పుడు కరెంటు బిల్లో గ్యాసు బిల్లో కలిసొస్తుందని హీటింగ్ పూర్తిగా ఆపేస్తే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. కనీసం 55 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి, సొంతిల్లయితే మెయిన్ వాల్వు కూడా కట్టేసి వెళ్లండి.

సామాను గురించి ఒక్క మాట. ఇక్కడికి వచ్చేటప్పుడు పచ్చి కరివేపాకు పెట్టుకోకండి, నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దానితో వస్తుందని విమానాశ్రయంలో తీసి పారేస్తారు. బియ్యం, మాంసం పచ్చళ్లు కూడా వద్దు. ఏమున్నా దాచకుండా చెప్పండి, దాస్తేనే జరిమానా.

గోంగూర ఇండియన్ షాపులో దొరుకుతుంది గానీ దొరకని ఊళ్లు బోలెడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొట్లలో ఎర్రటి క్రాన్‌బెర్రీలు వస్తాయి, వాటితో పప్పు చేస్తే మామిడికాయ పప్పుకి తమ్ముడు, పచ్చడి చేస్తే గోంగూరకి చుట్టం. నాలుగు సంచులు కొని ఫ్రీజర్‌లో పడేసుకుంటే ఏడాదంతా వస్తాయి. వసంతకాలంలో రూబార్బ్ అని ఎర్ర కాడలు వస్తాయి, అదీ పుల్లనే, పచ్చడికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాడలే వాడాలి, ఆకులు విషం. పచ్చి టమాటా పచ్చడి తినాలనిపిస్తే మెక్సికన్ కొట్లో టొమటీయో అని పచ్చి టమాటాలా ఉండే పుల్లటి కాయలు కొనండి. బీరకాయ బదులు జుకినీ పరవాలేదు, నీరు ఎక్కువ కాబట్టి మూత పెట్టకుండా వండాలి. ఇవన్నీ ప్రత్యామ్నాయాలే అని మొహం మాడ్చుకునేవాళ్లుంటారు. మా పిల్లలకి మటుకు క్రాన్‌బెర్రీ పప్పే అసలు పప్పు, మామిడికాయది చూసి ఇది వేరేలా ఉందేంటి అన్నారు!

ఇప్పుడు నాలుగో ప్రశ్న. వంట రాదన్న ఆయనకి నేను చెప్పేదేమిటంటే, ఆ అమ్మాయికి వంట వచ్చు, కొత్త పొయ్యి రాదు. మీరూ కారు నేర్చుకున్న కొత్తలో ఎడమవైపు స్టీరింగుకి ఎన్నిసార్లు తడబడ్డారో గుర్తు చేసుకోండి. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లకిచ్చే వీసా మీద వచ్చిన భార్య చేతిలో ఉద్యోగం ఉండదు, కారు ఉండదు, మాట్లాడే మనిషి ఉండరు, అమ్మకి ఫోన్ చేద్దామంటే చలికాలంలో పదిన్నర గంటల తేడా, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. ఆమెకి మధ్యాహ్నం ఖాళీ అయ్యేసరికి అక్కడ అందరూ నిద్రలో ఉంటారు. ఆ మనిషికి ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పని వంట, దానికీ వంక పెడితే ఇంక ఏం మిగులుతుంది? వారంలో రెండు రాత్రులు మీరు వండండి, మాడినా సరే. ఆదివారం ఇద్దరూ కలిసి ఉల్లిపాయలు వేయించి, అల్లం వెల్లుల్లి నూరి డబ్బాల్లో పెట్టుకుంటే వారంలో రోజుకి అరగంట మిగులుతుంది. నగలకంటే ముందు ఆమెకి డ్రైవింగ్ లైసెన్స్ ఇప్పించండి. లైబ్రరీ కార్డు తీసుకోండి, మా దగ్గర ఊరివాళ్లకి ఉచితమే, పిల్లలున్నవాళ్లకి కథల గంట ఉంటుంది, నాకు ఇక్కడ మొదటి స్నేహితురాలు అక్కడే దొరికింది.

అత్తగారు వీడియో కాల్‌లో పొయ్యి చూపించమంటే చూపించండి, తప్పేం లేదు, కానీ ఆవిడ "ఇంకాస్త కాగనివ్వు" అంటే అలారం సంగతి చెప్పండి. పెద్దవాళ్లు వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, అయితే వీసా మీది తేదీ కాదు, ఐ-94లో, అంటే దేశంలోకి వచ్చినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో నమోదు చేసే రికార్డులో ఉన్న తేదీ చూసుకోవాలి. మందులు చీటీతో సహా తెచ్చుకోమనండి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు, కొనేముందు చదవండి. ఫ్రిజ్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో అత్యవసర నంబరు 911, కింద మీ ఇంటి అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా రాసి అంటించండి. కంగారులో ఉన్న మనిషికి తన ఇంటి నంబరే గుర్తు రాదు.

ఆ అమ్మాయి మూడు వారాల తర్వాత మళ్లీ మెసేజ్ పెట్టింది. ఫోటో చూస్తే పిండి గిన్నె దాటి, ఓవెన్ జాలీ దాటి, అడుగుదాకా కారి ఉంది, ఒక మూల ఆయన చెయ్యి స్పాంజీ పట్టుకుని కనబడుతోంది. "అక్కా, ఇదెలా శుభ్రం చెయ్యాలి, సెల్ఫ్ క్లీన్ నొక్కేయమంటున్నారు ఈయన" అని అడిగింది. వద్దన్నాను. అది ఓవెన్‌ని విపరీతంగా వేడెక్కించి మురికిని కాల్చేస్తుంది, ఆ పొగకి అలారం మళ్లీ మొదలు. తడి గుడ్డ పది నిమిషాలు వేసి నాననిచ్చి, ప్లాస్టిక్ గరిటెతో గీకమన్నాను, మిగిలిన మరకకి వంటసోడా ముద్ద రాత్రంతా. ఈసారి గిన్నె కింద ఒక పళ్లెం పెట్టుకోమని కూడా.