కూర్చుని పనిచేసేవాళ్లకు ఆన్‌లైన్ వ్యాయామ ప్రోగ్రామ్‌లు పనికొస్తాయా?

ఏళ్ల తరబడి వ్యాయామం లేదు, రోజంతా కుర్చీలోనే పని, ఇప్పుడు ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో చేరితే కొనసాగించగలనా అని కదా అడిగారు. రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడే స్థితిలో నేనూ అలాగే చేరాను, ఇప్పటికీ మానలేదు. పనికొస్తాయి గానీ అన్నీ కాదు. వీడియోలు ఎంత బాగున్నాయన్నది పక్కన పెట్టండి. మీరిప్పుడు ఎంత కదులుతున్నారో కనుక్కుని అక్కడినుంచి మొదలుపెట్టిస్తారా, నడుమ ఆగిపోతే పట్టించుకునే మనిషి ఉంటారా, ఈ రెండే చూడండి.

నేను చేరిన దాంట్లో మొదటి వారం అసలు వ్యాయామమే లేదు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, ఫోన్ జేబులో వేసుకుని అడుగులు మాత్రం లెక్క చూడండి అన్నారు. దీనికా డబ్బు కట్టింది అనుకున్నాను. తీరా చూస్తే ఆఫీసు రోజుల్లో చాలావరకు 5,000 అడుగులు కూడా దాటలేదు. అంతకన్నా తక్కువ నడిచేవాళ్లను పరిశోధకులు కదలిక లేనివాళ్ల కిందే లెక్కేస్తారు. ఆ అంకె మీద కాస్త కాస్త పెంచుకుంటూ వెళ్లమన్నారు, అంతే. రోజుకు 10,000 అడుగులు అన్న మాట 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకంతో ప్రచారంలోకి వచ్చింది, వైద్యులు తేల్చిన హద్దేమీ కాదు. 2022లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం అరవై దాటినవాళ్లకు 6,000 నుంచి 8,000 అడుగుల దగ్గరే ఆయుష్షుకు సంబంధించిన లాభం దాదాపు నిలకడకు వస్తుంది. కాబట్టి మొదటిరోజే 10,000 లక్ష్యం పెట్టే యాప్‌ను నేను నమ్మను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒకప్పుడు ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవారు, 2020లో ఆ షరతు తీసేశారు. మనలాంటివాళ్లకు ఇది పెద్ద ఊరట. ఫోన్ మాట్లాడుతూ నడిచిన నాలుగు నిమిషాలు కూడా, కాస్త చురుగ్గా నడిస్తే, లెక్కలోకే వస్తాయి.

ఇక మనిషి సంగతి. పని ఒత్తిడిలో ఒక వారం నేను ఏమీ నమోదు చేయలేదు. కోచ్ నుంచి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది, "ఈ వారం ఏం అడ్డొచ్చిందండీ?" అని. సాయంత్రం మీటింగులు అని రాస్తే, నడకను మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చారు. నేను నిలబడింది అక్కడే అని నా అభిప్రాయం. యాప్ ఇచ్చే బ్యాడ్జీలూ చప్పట్లూ కొన్నాళ్లకు విసుగు పుట్టి ఆఫ్ చేసేశాను.

కండరాల వ్యాయామాలకైతే రికార్డు చేసిన వీడియోల కన్నా లైవ్ క్లాసే మేలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామం ఒకటుంది. నేను లేచేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి వాలిపోతున్నాయట, ట్రైనర్ చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు. అందుకని కెమెరా మీ మొహం మాత్రమే చూపించేలా పెట్టకండి, పాదాల నుంచి తల దాకా కనిపించాలి.

పరుగు మీద ఆశ ఉంటే 'కౌచ్ టు 5కె' ప్రయత్నించండి, అసలు పరుగు అలవాటు లేనివాళ్లను మెల్లగా 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే ప్రోగ్రామ్ ఇది. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. కష్టమనిపించిన వారాన్ని మళ్లీ చేసుకోవచ్చు. ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి డబ్బు పెట్టే ముందు ఇలాంటిదే చూడటం మంచిది. గమనించే మనిషి కావాలంటే, దెప్పిపొడవని స్నేహితులెవరికైనా వారానికోసారి మీ లెక్క పంపండి.

గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. చేస్తుండగా ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ వస్తే వెంటనే ఆపి వైద్య సాయం తీసుకోవాలి.

డబ్బు కట్టే ప్రోగ్రామ్ అయితే చేరేముందు ఒక్క ప్రశ్న పంపి చూడండి: "నేను ఒక వారం చేయలేకపోతే ఎలా?" "తర్వాతి వారం రెండూ కలిపి చేసేయండి" అని జవాబొస్తే, అది మనకు సరిపడేది కాదు.