వరంగల్‌లో బెంజ్ కారు వెనక అద్దం పగిలింది, మార్పించే ముందు షాపువాళ్లను ఏం అడగాలి?

హన్మకొండలో వేయించినా హైదరాబాద్ తీసుకెళ్లినా, ముందు అడగాల్సింది రేటు కాదు, కొత్త అద్దంలో డీఫాగర్ గీతలు (అద్దం మీది ఆవిరి పోగొట్టే సన్న తీగలు), రేడియో యాంటెన్నా పాతదానిలాగే ఉన్నాయా అని, ఎందుకంటే ఇలాంటి కార్లలో చాలావాటికి యాంటెన్నా ఆ అద్దంలోనే ఉంటుంది, తేడా అద్దం వేస్తే ఎఫ్‌ఎం గరగరమంటుంది. చాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ చూడమనండి. అతికించాక ఎంతసేపు బండి తీయొద్దో కూడా అడగండి. వెనక అద్దం పగిలితే మక్క గింజల్లా డిక్కీ నిండా రాలుతుంది, వాక్యూమ్ పెట్టి తీస్తారా అనీ అడగండి. నా బండి సీటు సందుల్లో నెల తర్వాత కూడా దొరికాయి!

ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పకుండా పని మొదలుపెట్టించకండి. మామూలు ఫుల్ (కాంప్రహెన్సివ్) పాలసీలో కూడా అద్దానికి పాతబడిందని తరుగు కొయ్యరు, కానీ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందేమో అడిగి లెక్కేసుకోండి.