ఈ ప్రాజెక్టు మార్చుకోవాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం. మగ, ఆడ ఎలుకల రక్తనాళాల నుంచి తీసిన కండర కణాలు కల్చర్‌లో (ల్యాబ్ డిష్‌లో పెంచినప్పుడు) ఒకేలా పెరుగుతాయో లేదో చూడమని గైడ్ ప్రాజెక్టు ఇచ్చారు. దీంతో ఉద్యోగం రాదు, మార్చుకోమని సీనియర్లు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మార్చుకోకమ్మా. నాళం గోడలో ఉండి దాన్ని బిగించేవీ వదులు చేసేవీ ఈ కణాలే. స్టెంట్ వేసినప్పుడు గోడ దెబ్బతింటే ఇవే అతిగా పెరిగి నాళాన్ని మళ్లీ ఇరుకు చేస్తాయి, స్టెంట్‌కి సిరోలిమస్ లాంటి మందు పూసేది ఆ పెరుగుదలని ఆపడానికే. ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోను ఈస్ట్రోజెన్ ఈ కణాల పెరుగుదలని తగ్గిస్తుందని కల్చర్‌లో చాలాసార్లు తేలింది. కానీ నెలసరి ఆగిన స్త్రీలకి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్లు కలిపి ఇచ్చిన అమెరికా ట్రయల్‌ని 2002లో మధ్యలోనే ఆపేశారు, గుండెకి మేలు కనపడలేదు. మరి మగ, ఆడ మధ్య తేడా ఒంట్లోని హార్మోన్లదా, కణానిదేనా? నీ ప్రాజెక్టు అడిగేది అదే, నాకైతే చాలా మంచి ప్రశ్న అనిపిస్తోంది.

మందుల రంగానికీ ఇది కావాలి. నిద్రమాత్ర జోల్పిడెమ్ డోసు ఆడవాళ్లకి సగానికి తగ్గించమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో చెప్పింది, అంతవరకు ఇద్దరికీ ఒకటే డోసు. 2016 నుంచి, వైద్య పరిశోధనకి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంటు అడిగేవాళ్లు మగ, ఆడ తేడాని ఎలా చూస్తారో దరఖాస్తులో రాయాలి.

కాకపోతే పని సరిగ్గా చెయ్యి. మీడియాకి, అంటే కణాల్ని పెంచే ద్రవానికి, ఎర్ర రంగునిచ్చే ఫినాల్ రెడ్ కొంచెం ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే బయటపడింది, అది లేని మీడియా అడుగు. మీడియాలో కలిపే సీరంలోనూ (రక్తం నుంచి తీసిన ద్రవం) హార్మోన్లుంటాయి కాబట్టి చార్‌కోల్‌తో వాటిని తీసేసిన సీరం కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకే ఎలుక కణాల్ని మూడు డిష్‌లలో వేసి మూడు శాంపిళ్లు అనుకోవద్దు, అది ఒక్క ఎలుకే. ఇంటర్వ్యూలో ఈ మాట నువ్వు చెప్పగలిగితే పని తెలిసిన అమ్మాయి అని వాళ్లకి అర్థమైపోతుంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్తాను. ఈ టాపిక్ పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. సెల్ కల్చర్‌లో చేయి తిరిగిందా అని చూస్తారు, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకాల కంపెనీలకి కూడా కావాల్సింది ఆ పనే. పరిశోధన ఇష్టమైతే ప్రాజెక్టుతోపాటే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షకి చదువు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే, హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటి చోట పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ముందు గైడ్‌ని కలిసి ఎన్ని మగ ఎలుకలు, ఎన్ని ఆడ ఎలుకలు ఇస్తారో, జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందో లేదో అడుగు. అనుమతి ఆలస్యమైతే సెమిస్టర్ అంతా దానికే పోతుంది.