క్రెటా 1.4నా, 1.6నా?

చి.ల.సౌ. శిరీషకు,

పెద్దనాన్న దీవెనలు. నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు బండ్ల ఫొటోలూ, ఆర్సీలూ చూశాను. రెండూ 2017 హ్యుందాయ్ క్రెటా కార్లే, రెండూ డీజిలే, రంగు కూడా తెలుపే. ఒకటి 1.4 లీటర్ల ఇంజను, రెండోది 1.6. "ఆఫీసులో అందరూ 1.4 చాలంటున్నారు, 1.6కి మైలేజ్ రాదట, నువ్వేమంటావు?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అల్లుడుగారికి కూడా చదివి వినిపిస్తావని రాస్తున్నాను.

మీ ఆఫీసువాళ్లు చెప్పింది తప్పు కాదు. కాకపోతే వాళ్లు తిరిగే రోడ్లు వేరు, మీరు తిరిగే రోడ్లు వేరు. నీకు ఆఫీసు క్యాబ్ వస్తుంది, అల్లుడుగారు మెట్రోలో వెళ్తారు. మీ బండి సిటీలో తిరిగేది తక్కువ. అది బయటికి తీసేదే నెలకోసారి మార్కాపురం వెళ్లడానికి. పోయేది శ్రీశైలం దారి. మన్ననూరు దాటాక అడవి, ఈగలపెంట తర్వాత దిగుడు, కృష్ణ మీద వంతెన దాటగానే మళ్లీ సున్నిపెంట దాకా ఎక్కుడు, ఆపైన దోర్నాల ఘాట్. నల్లమలలో దాదాపు అంతా రెండు వరసల రోడ్డే. అందులో మీరిద్దరూ, బాబూ, మీ అత్తగారూ మామగారూ. తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా కూడా డిక్కీలో పడుతుంది. పన్నెండు పదమూడు వందల కిలోల బండి మీద ఇంకో మూడున్నర, నాలుగు వందల కిలోలు. ఇంజను చిన్నదా పెద్దదా అనే లెక్క ఈ బరువు దగ్గర, ఈ దారి దగ్గర మొదలవ్వాలి, బ్రోషర్ దగ్గర కాదు.

ఇప్పుడు బ్రోషర్ సంగతి కూడా చూద్దాం. 1.4 ఇంజను 1396 సీసీ, 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవరు, 220 న్యూటన్ మీటర్ల టార్క్. 1.6 ఇంజను 1582 సీసీ, 128 పీఎస్, 260 న్యూటన్ మీటర్లు. మనవాళ్లు పుల్లింగ్ అనేది ఈ టార్క్‌నే. లెక్క వేసి చూడు: పుల్లింగ్‌లో తేడా పద్దెనిమిది శాతమే, పవర్‌లో మాత్రం నలభై శాతం పైనే ఉంది. సిటీలో టెస్ట్ డ్రైవ్ చేసినవాళ్లు "రెండూ ఒకేలా ఉన్నాయి సార్" అనడానికి కారణం ఇదే. సిగ్నల్ దగ్గర నుంచి లాగడానికి, ముప్ఫై నలభై వేగంలో తిరగడానికి కావలసింది పుల్లింగ్. అది 1.4లో కింది ఆర్పీఎంలోనే, అంటే ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, బాగా దొరుకుతుంది. నిజం చెప్పాలంటే అమీర్‌పేట ట్రాఫిక్‌లో 1.4 నడపడమే నాకు హాయి.

తేడా తెలిసేది అరవై దాటాక. రెండు వరసల రోడ్డు మీద ముందు లోడు లారీ పోతోంది. ఎదురుగా కొంత దూరం ఖాళీగా కనిపిస్తోంది. నువ్వు థర్డ్ గేరు వేసి తొక్కుతావు. 1.6 అయితే యాభై నుంచి ఎనభై అందుకుని, లారీ దాటి, నీ వరసలోకి వచ్చేస్తుంది. 1.4లో ఐదుగురుండి, ఏసీ నడుస్తూ ఉంటే అది కూడా దాటుతుంది, కానీ ఎదురు వరసలో ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటావు. ఆ ఇంకొంచెం సేపే నాకు ఇష్టం లేదు. కర్నూలులో నేను ట్రావెల్స్ నడిపినన్నాళ్లూ డ్రైవర్లకు చెప్పిన మాట ఒకటే: పవరు వేగంగా పోవడానికి కాదు, ఎదురు వరసలో తక్కువసేపు ఉండటానికి.

ఇంకో తేడా టర్బోలో, అంటే పొగ ఊపుతో తిరిగి ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసే ఫ్యానులో ఉంది. 1.4లో ఉన్నది మామూలు టర్బో. 1.6లో ఉన్నది వీజీటీ, అంటే లోపలి రెక్కల కోణం ఆర్పీఎంని బట్టి మారుతుంది. నీళ్ల పైపు మూతి మీద బొటనవేలు పెట్టి నొక్కితే నీళ్లు దూరం చిమ్ముతాయి చూడు, పొగ గాలి తక్కువగా వస్తున్నప్పుడు ఆ రెక్కలు చేసే పని అదే. గాలి ఎక్కువైతే దారి వదులుతాయి. అందుకే ఆర్పీఎం పెరిగినా 1.6 ఇంకా లాగుతూనే ఉంటుంది, 1.4 మధ్యలోనే చల్లబడిపోతుంది.

ఘాట్ మలుపుల్లో మాత్రం ఏ ఇంజనైనా నువ్వు గేరు దించాల్సిందే. హెయిర్‌పిన్ దగ్గర బండి ఇరవైకి పడిపోతుంది. థర్డ్‌లోనే ఉంచి తొక్కితే ఆర్పీఎం పదిహేను వందల కిందికి పోయి టర్బో నిద్రపోతుంది, ఇంజను దడదడలాడుతుంది. మలుపులోకి వెళ్లకముందే సెకండ్‌లో వేసెయ్యి. 1.4లో ఈ పని ఎక్కువసార్లు చెయ్యాలి, అంతే. డీజిల్‌ని కింది ఆర్పీఎంలో బలవంతంగా లాగించడం మైలేజ్ అనుకుంటారు చాలామంది. క్లచ్‌కీ ఫ్లైవీల్‌కీ దెబ్బ అక్కడే తగులుతుంది. దిగేటప్పుడు కూడా ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి, పాతాళగంగ దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగొద్దు. రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారని తొందరపడి తోలొద్దని అల్లుడుగారికి చెప్పు. ఆలస్యమైతే కల్వకుర్తిలో ఉండిపోండి.

ఇక డబ్బు సంగతి. కంపెనీ చెప్పిన మైలేజ్ 1.4కి 21.38, 1.6 మాన్యువల్‌కి 19.67. రోడ్డు మీద రెండూ అంత ఇవ్వవు, కానీ మధ్యలో తేడా చూడటానికి పనికొస్తుంది. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఆ లెక్కన 1.6 తాగే అదనపు డీజిల్ దాదాపు నలభై తొమ్మిది లీటర్లు. లీటరు తొంభై ఆరు వేసుకున్నా ఏడాదికి 4,700 రూపాయలు. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడైతే ఈ తేడా ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే చిన్న ఇంజనుని గట్టిగా తొక్కుతాం, అదీ తాగుతుంది.

మీ ఆఫీసులో ఎవరూ చెప్పని ఖర్చు ఇంకోటుంది, ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. జీఎస్టీ అదనం. అంటే 1396 సీసీ బండికీ 1582 సీసీ బండికీ మధ్య ఏటా 4,481 తేడా, దాదాపు డీజిల్ తేడా అంత. రెండూ కలిపితే జీఎస్టీ కాకుండా ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు, నెలకు ఎనిమిది వందలు కూడా కాదు. మైలేజ్ గురించి అందరూ పడే టెన్షన్ విలువ అంతే.

ఈ 1500 గీత ఉంది కాబట్టే ఇప్పుడు ఎక్కడ చూసినా 1493, 1497 సీసీ ఇంజన్లు కనిపిస్తాయి. 2020లో వచ్చిన కొత్త క్రెటా డీజిల్‌లో 1.4, 1.6 రెండూ తీసేసి 1493 సీసీ ఒక్కటే పెట్టారు, 115 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. పన్నుల్లోనూ అదే గీత. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1500 సీసీలోపు ఉన్న డీజిల్ కారుకు జీఎస్టీ 18 శాతం, ఆ రెండింటిలో ఏది దాటినా 40. అంతకుముందు 2015 డిసెంబరులో ఢిల్లీ చుట్టుపక్కల 2000 సీసీ, అంతకు మించిన డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్ సుప్రీంకోర్టు ఆపేసింది. మహీంద్రావాళ్లు వెంటనే స్కార్పియోలో, ఎక్స్‌యూవీ 500లో 1.99 లీటర్ల ఇంజను పెట్టి అమ్మారు. ఆ 1.99 ఇంజనీర్ల అవసరం కాదు, కోర్టు గీత. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బండి వెనక అంకె పెద్దదని మురిసిపోవద్దు, చిన్నదని తీసిపారెయ్యొద్దు. ఒకే 1.5 ఇంజనుని టాటావాళ్లు ఆల్ట్రోజ్‌లో 90 పీఎస్‌కీ, నెక్సాన్‌లో 115కీ ట్యూన్ చేసి అమ్మారు. సీసీ ఒకటే, ఘాట్‌లో బండి వేరు.

కొత్త బండి తీసుకుంటే అని అల్లుడుగారు అడిగారట. కొత్త డీజిల్స్‌లో పొగ పట్టి కాల్చే డీపీఎఫ్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా ఓ అరగంట పరుగు కావాలి. నెలకోసారి మార్కాపురం వెళ్తారు కాబట్టి మీకు అది సమస్య కాదు. కానీ రోజూ బడికీ కూరగాయలకూ రెండు కిలోమీటర్లు తిప్పేవాళ్లు పెద్ద డీజిలూ వద్దు, చిన్న డీజిలూ వద్దు, పెట్రోలు కొనుక్కోవాలి. నీ చేతిలో ఉన్న రెండూ బీఎస్ 4, అంటే పాత పొగ నిబంధనల నాటి బండ్లు, డీపీఎఫ్ గొడవ లేదు.

నా మాట 1.6 తీసుకోమనే. కాకపోతే ఒక షరతు. నలిగిపోయిన 1.6 కంటే బాగా చూసుకున్న 1.4 నయం. కాబట్టి చూడాల్సినవి చెబుతాను.

ఆర్సీలో సీసీ చూడు. 1582 అని ఉండాలి. డిక్కీ మీద స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు. రిజిస్ట్రేషన్ మొదట ఎక్కడైందో చూడు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ మీద ఆంక్షలు ఉంటాయన్న భయంతో అక్కడి బండ్లు చవగ్గా ఇక్కడికి వస్తాయి. ధర చూసి మనసు లాగుతుంది, కానీ ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, అన్నీ కలుపుకుని లెక్క వెయ్యాలి. నువ్వు పంపిన 1.6 టీఎస్ నంబరే, మంచిది.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, ముందు స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకి చెప్పు. నువ్వు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉందంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్యి. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకోవాలి. తెల్ల పొగ కొద్దిగా వచ్చి పోతే పర్లేదు, నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత తీసి చూడు. కొంచెం ఆవిరి మామూలే. రైలింజనులా గుప్పుగుప్పున తన్నుకొస్తే మాట్లాడకుండా వెనక్కి తిరుగు. స్టార్టింగ్‌లో ముందువైపు నుంచి గొలుసు కొట్టుకున్నట్టు చప్పుడు వినిపిస్తే టైమింగ్ చైన్ చూపించాలి. క్లచ్ బరువుగా ఉండి, పెడల్ బాగా పైకి వచ్చాక పట్టుకుంటుంటే క్లచ్ సెట్ డబ్బు ధరలోంచి తగ్గించమను.

తర్వాత అసలు పరీక్ష. ఒక్కదానివే వెళ్లి కాలనీలో తిప్పి రావద్దు. అత్తగారినీ మామగారినీ కూడా ఎక్కించుకో, ఏసీ ఫుల్‌లో పెట్టు. ఏదైనా పొడవాటి ఫ్లైఓవర్ ఎక్కేముందు థర్డ్‌లో నలభైకి తెచ్చి, అక్కడినుంచి పూర్తిగా తొక్కు. లాగుడు ఒకే తీరున పెరుగుతూ పోవాలి. మధ్యలో ఆగి మళ్లీ అందుకుంటే, ఈల లాంటి చప్పుడు వస్తే టర్బోనో పైపులో లీకో ఉంది. రెండు బండ్లూ ఒకే రోజు, ఒకే ఫ్లైఓవర్ మీద నడుపు. మీ మామగారికి ముందు సీటు ఇచ్చి, ఏ బండిలో కుదుపు తక్కువో అడుగు. ఆయన నెలనెలా అంతదూరం కూర్చోవాలి కదా.

1.6లో ఆటోమేటిక్ దొరికితే తీసుకోవచ్చా అని నువ్వు అడగలేదు కానీ చెబుతున్నా. దాని మైలేజ్ కంపెనీ లెక్కలోనే 17.01. ఘాట్‌లో సుఖంగా ఉంటుంది, గేర్‌బాక్స్ రిపేరు వస్తే ఖరీదు. మాన్యువల్ నడపడం నీకు బాగా వచ్చు, దాని జోలికి పోకు.

1.6 వాళ్లు సర్వీస్ రికార్డు ఇవ్వడానికి నసుగుతుంటే 1.4 తీసుకో, నేనేమీ అనను. ఘాట్‌లో సెకండ్ గేరు ఎక్కువ వాడతావు, లారీల వెనక కొంచెం ఓపిక పడతావు. అడ్వాన్స్ ఇచ్చే ముందు పొద్దున స్టార్ట్ చేసిన వీడియో, ఆయిలు మూత తీసిన వీడియో, సర్వీస్ పుస్తకం పేజీలు పంపు. ఆదివారం అయితే నేను ఇంట్లోనే ఉంటాను, మీ పెద్దమ్మ ఫోనుకే చెయ్యి, నా ఫోన్లో మాట సరిగ్గా వినబడట్లేదు.

ఇట్లు,
మీ పెద్దనాన్న
కర్నూలు