ఎప్పుడు ఆగిందో ముందు అడుగు

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

కంప్యూటర్ చిక్కుల మీద కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, తొందర ఎక్కువగా ఉంది. మొదటి సగంలో ఫైళ్లకు అనుమతి లేదనే సందేశాలు, రెండో సగంలో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం. నడుమ గోడ కట్టావు. నాకు నచ్చనిది ఆ గోడే.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ లెక్కల గుమాస్తా రోహిణీ కార్తెలో నాకు ఫోను చేశాడు. రోజూ మధ్యాహ్నం కంప్యూటర్ ఆగిపోతోంది. మళ్లీ వేశాక వర్డ్ ఫైలు తెరిస్తే, వేరొకరు వాడుతున్నారు, చదవడానికి మాత్రమే ఇస్తానంటోంది. ఆ వేరొకరి పేరు చూస్తే తనదే! అనుమతులు చెడిపోయాయని ఎవరో చెబితే ఫోల్డర్‌కు అందరికీ పూర్తి అధికారం ఇచ్చేశాడు. ఫలితం లేదు. వర్డ్ ఒక ఫైలును తెరిచినప్పుడు పక్కనే అలల గుర్తు, డాలర్ గుర్తుతో మొదలయ్యే చిన్న దాపుడు ఫైలు పెట్టుకుంటుంది. మూసేటప్పుడు తానే తీసేస్తుంది. నడుమ కంప్యూటర్ ఆగిపోతే అది అక్కడే మిగిలిపోతుంది. వర్డ్ పూర్తిగా మూసి ఉందని చూసుకుని దాన్ని తీసేయించాను, తాళం వీడింది. పెట్టె మూత తీయిస్తే, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు ముక్క హీట్‌సింక్ రెక్కల మధ్య రాతిపొడి అట్టలా పేరుకుని ఉంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేస్తుంది. అనుమతి గొడవ అనుకున్నది అసలు దుమ్ము గొడవ.

అందుకే నీ వ్యాసం మొదటి వాక్యం పరిష్కారం కాకూడదు, ప్రశ్న కావాలి. ఎప్పుడు ఆగింది? పని మొదలుపెట్టిన అరగంటకా? పెద్ద వీడియో నడుస్తుండగానా? అయితే ముందు వేడిని అనుమానించాలి. పక్కింటి మోటారు వేసిన క్షణంలోనా? అయితే కరెంటును, యూపీఎస్ బ్యాటరీని, పెట్టెలోని భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను చూడాలి. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనబడితే కారణం దొరికిందని రాశావు. పొరపాటు. యంత్రం సవ్యంగా ముగియకుండా ఆగి మళ్లీ లేచిందని మాత్రమే అది చెబుతుంది. ఊపిరి ఆగి చనిపోయాడని పంచనామా రాసినట్టు. అదే చోట ఆ సమయానికి 1074 సంఖ్యతో నమోదు ఉంటే మాత్రం సంగతి వేరు: ఎవరో మనిషో, ప్రోగ్రామో ఆపమని ఆజ్ఞ ఇచ్చినట్టు. చాలాసార్లు అది అప్‌డేట్ పనే.

అసలు అనుమతి చిక్కులు లేవని కాదు. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ తెచ్చి కొత్తదానికి తగిలిస్తే ఫోల్డర్ యజమాని పేరు చోట ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి సంఖ్య కనబడుతుంది. పాత విండోస్ తన వాడుకరికి ఇచ్చిన సంఖ్య అది. కొత్త విండోస్‌కు ఆ మనిషి ఎవరో తెలియదు. పాస్ పుస్తకంలో ఉన్న పేరు కొత్త రికార్డుల్లో లేని రైతులాంటి వాడు. ఆ ఒక్క ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి యజమానిని మార్చుకుంటే చాలు. పాత యజమాని దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చి ఉంటే పేరు మార్చినా లాభం లేదని కూడా రాయి. డి డ్రైవ్‌లో సేవ్ అయ్యేది డాక్యుమెంట్స్‌లో మాత్రం కాకపోతే, తెలియని ప్రోగ్రాములు ముఖ్యమైన ఫోల్డర్లలో రాయకుండా అడ్డుకోవడానికి 2017లో విండోస్ 10కు చేరిన కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఎవరైనా ఆన్ చేశారేమో చూడమను.

నీ మూడో పేజీలో ‘సి డ్రైవ్ మొత్తానికి ఎవ్రీవన్ పేరిట ఫుల్ కంట్రోల్ ఇవ్వండి’ అని ఉంది. ఆ వాక్యం కొట్టేశాను. చిన్నతనంలో నేనూ అలాంటి సలహా ఒకటి రాశాను. చదివిన ఒక పెద్దాయన తూచా తప్పకుండా పాటించి మర్నాడు మా ఇంటికే కంప్యూటర్ మోసుకొచ్చాడు. విండోస్ ఫోల్డర్‌లోని చాలా ఫైళ్లకు యజమాని ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే విండోస్ సొంత సేవ. అడ్మినిస్ట్రేటర్‌ను కూడా దూరంగా ఉంచడానికే ఆ ఏర్పాటు. ఆ పెద్దాయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

భాష గురించి ఒక్క మాట. ‘యాక్సెస్ డినైడ్’ను ‘ప్రవేశం నిరాకరించబడినది’ అని అనువదించావు. తెర మీద అలా ఉండదు కదా! కనబడే సందేశాన్ని తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు రాసి, కింద అర్థం చెప్పు. మన వాళ్లు పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటారు, వాళ్లను దిద్దకు. లోపలి ముక్కను ప్రాసెసర్ అను, సరిపోతుంది. ‘దుమ్ము దులపండి’ అని వదిలేయకు. ముందు ప్లగ్ పీకమను, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోమను. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దని గట్టిగా రాయి. వైరు తీసేసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండవచ్చు.

మీ ఇంటి కంప్యూటర్ కూడా మధ్యాహ్నాలు ఆగుతోందని ఉత్తరం చివర్లో మాటవరసకు అన్నావు. వ్యాసం తిరగరాసే ముందు దాని మూత తీసి చూడు. లోపల ఏముందో నాకు రాయి.

ఇట్లు,
మీ మాస్టారు